ఏడో పంక్తి

పునాది తవ్వుతుంటే దొరికింది రాయి,
పాత మహాబలిపురం రోడ్డుకి ఇవతల.
జేసీబీ పన్ను తగిలి ఓ మూల పెచ్చు లేచింది.
తెలుగు అక్షరాలని ఎవరో చెబితే మా శాఖకి ఫోను చేశారు.
ఏసుపాదం కడిగాడు, తడి కాగితం పరిచి బ్రష్షుతో కొట్టాడు,
నేను మసి ముంచిన గుడ్డ ఉండతో అద్దుతూ పోయాను.
నల్లటి కాగితం మీద తెల్లగా
నాలుగొందల యేళ్ళనాటి మాట లేచి కూర్చుంది.

తొమ్మిది పంక్తులు.
ఏడోది:
ఈ పల్లం నీళ్ళకు విడిచితిమి, మెరక చేయరాదు.

ఆరబెట్టి, చుట్టి, తెచ్చింది ఎక్కడికి?
శెంగమలం అరంగానికి.
కట్టించినాయన తన తల్లి పేరు పెట్టుకున్నాడు.
ఆ ఏసీ ఆయనది, ఆ కుర్చీలు, ఆ ప్రొజెక్టరు,
నా రెండేళ్ళ ఫెలోషిప్పు, ఏసుపాదం జీతంలో సగం.
పల్లం మీద లేస్తున్న పద్నాలుగు అంతస్తులూ ఆయనవే.

ఎవరూ బెదిరించలేదు. ముందు అది రాసుకోండి.
తిలకవతి మేడం టీ తెప్పించారు,
రెండు సమోసాలు, నాకొక్కదానికే.
"రాయి బాగా అరిగింది కదమ్మా," అన్నారు,
"ఏడో పంక్తి చదవడం కష్టంగా లేదూ?"
కళ్ళు మాత్రం కిటికీలోంచి
బీచి రోడ్డు బస్సుల్ని లెక్కపెడుతున్నాయి.

సర్కారు డబ్బు అడుగుదామనుకున్నాను.
దాని ఫారం నలభై పేజీలు.
పదకొండో పేజీలో ఒక గడి:
ఈ పరిశోధన వల్ల దేశానికి ప్రయోజనమేమిటి?
రెండొందల మాటలు మించరాదు.
ఇరవై మూడో పేజీలో ఒక సంతకం,
ప్రభుత్వ విధానాల మీద నోరెత్తనని.
పోయినసారి మంజూరైన గ్రాంటు ఇంకా దారిలోనే ఉంది,
ఏ స్టేషన్లో దిగి నీళ్ళు పట్టుకుంటోందో.

చదవలేని చోట మేం చుక్కలు పెడతాం,
అరిగిన అక్షరానికొక చుక్క.
తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకోవడం,
మా వృత్తికున్న మర్యాద అదొక్కటే.
ఆ రాత్రి తిరువల్లిక్కేణి గదిలో
గోరింటాకు పెట్టినంత ఓపిగ్గా
తెలిసినదాని మీద పద్దెనిమిది చుక్కలు పెట్టాను.

చివరి రెండు పంక్తులూ ఉన్నవున్నట్టే అచ్చయ్యాయి.
శాపాలు కదా, వాటికెవరికీ అభ్యంతరం లేదు:
తానిచ్చినదైనా, పరులిచ్చినదైనా,
దానం వెనక్కి లాక్కున్నవాడు పెంటలో పురుగై పుట్టును.
తానిచ్చినదైనా!
ఆ రాయి చెక్కించినవాడికి తెలుసు
ఇచ్చిన చేతికే ముందు దురద పుడుతుందని.
పుచ్చుకున్న చేతి గురించి మాత్రం
ఏమీ రాయించలేదు.

రెండో నకలు నా బీరువాలో ఉంది,
చీరల కింద, చుక్కలు లేనిది.
తలుపు తీసినప్పుడల్లా మసి వాసన.

అక్టోబరు. సముద్రం మీద మబ్బు
అచ్చం నేను అద్దిన కాగితంలా ఉంది.
ఏసుపాదానికి తెలుగు చదవడం రాదు.
వాళ్ళ ఇల్లు ఆ పల్లానికి అవతలి ఒడ్డున.
నిన్న సైకిలు తాళం తీస్తూ అడిగాడు:
"అమ్మా, ఆరోజు చదివి వినిపించారే, ఆ నీళ్ళ మాట,
పుస్తకంలో వచ్చిందా?"

వచ్చిందన్నాను.