మోకాలి తాళం

నా ఎడమ మోకాలికి తాళం ఉంది.
నిలబడితే టక్కుమని పడుతుంది.
కూర్చోవాలంటే చీర మీదుగానే తడిమి
రెండు పక్కలా రింగులు పైకి లాగాల.
బ్యాంకులో పేరు పిలిస్తే లేచినాను.
ఆ చప్పుడుకి ముందు వరసలో ఒకాయన
జేబు తడుముకున్నాడు,
సెల్లు పడిందేమోనని.

ఊరేమో మెట్ల ఊరు.
ఎక్కడెక్కడి నుంచో వచ్చి
మోకాళ్ల పర్వతం మోకాళ్లతోనే ఎక్కుతారు జనం,
మెట్టు మెట్టుకీ పసుపు రాసి, బొట్టు పెట్టి.
కొర్లగుంటలో మా ఇంటికి మూడే మెట్లు.
వాటికెవరూ బొట్టు పెట్టరు.
మూడోది రెండంగుళాలు జాస్తి ఎత్తు,
మేస్త్రీ తొందరపడినాడంట.
ఆ రెండంగుళాలు నాకు తెలిసినంత
కట్టినోడికి కూడా తెలియవు.

నేను టైలరును. కొలవకుండా దేన్నీ నమ్మను.
మొదటి చంకకర్ర ఎవరో పొడుగు మనిషిది.
కింద కోయించినా భుజం ఎగేసే నడిపించేది,
దారిపొడుగునా నేను
"నాకేం తెలుసు" అంటున్నట్టు.
రెండోదానికి మిగిలిన జాకెట్టు గుడ్డ కుట్టినాను,
చిలకాకుపచ్చ వెల్వెట్టు.
చెమటకి రంగు దిగింది.
చెల్లెలి పెళ్లి ఫోటోలన్నిట్లో
నా చంక పచ్చగా ఉంటుంది.

కర్ర అడుక్కి ఏమేం తొడగలేదు!
హవాయి చెప్పు ముక్క
పొడి నేల మీద మర్యాదస్తురాలు,
తడి బండ మీద ద్రోహి.
సైకిలు టైరు గట్టిగా కరుచుకుంది గానీ
గచ్చంతా నల్ల చుక్కలు.
నేనెక్కడెక్కడ తిరిగినానో
అమ్మకి లెక్క తెలిసిపోయేది.
మందుసీసా బిరడా సంగతి
చెప్పుకోకపోవడమే మేలు.

వాకరు వచ్చినాక పడటం తగ్గింది.
కానీ రెండు చేతులూ దానికే ఇచ్చేస్తే
టీ గ్లాసు ఎవరు మోయాల?

పొయ్యి దగ్గర్నుంచి మిషను దాకా పదకొండు అడుగులు.
ఇన్నేళ్లూ టీ పొయ్యి దగ్గరే తాగినాను,
గోడకి ఆనుకుని, నిలబడి,
తాళం వేసుకుని.
"నేను తెచ్చిస్తా కదక్కా" అంటాడు తమ్ముడు.
తెచ్చిస్తాడు కూడా.
అది వాడి టీ.
నాకు నా టీ కావాల, మిషను ముందర, కూర్చుని,
ఎదురింటి వనజాక్షి
తడి బట్టలు పిండకుండా ఆరేసేది చూస్తా.

బస్టాండు పక్కన చెంగల్రాయుడు
సూట్‌కేసులు రిపేరు చేస్తాడు.
కొండకొచ్చినోళ్లు విరిగినవి వదిలేసి పోతారు.
డబ్బా నిండా చక్రాలు,
ఏ హుబ్లీవో, ఏ సేలానివో,
ప్లాట్‌ఫారాల మీద అరిగినవి.
"జత కలవదక్కా" అన్నాడు.
"నా కాళ్లు మాత్రం జతనా" అన్నాను.
నవ్వాలో వద్దో తెలీక
రెండు చక్రాలు ఎక్కువేసినాడు.

వాకరు ముందు కాళ్లకి చక్రాలు,
అడ్డంగా అంచున్న ప్లేటు,
గ్లాసు కదలకుండా
లంగా నడుముకేసే ఎలాస్టిక్కు.
గాజు గ్లాసు మీద టైలరు చాకుతో
గీత గీసినాను, ఇక్కడి దాకా టీ అని.

మొదటి రోజు గ్లాసొక్కటే చేరింది.
రెండో రోజు చక్రాలు నాకంటే ముందు పరిగెత్తినాయి,
రైలందుకునే అలవాటు పోలేదు.
ఒకదానికి ఉన్ని దారం బిగించి చుట్టినాను,
కొంచెం మొండితనం నేర్పడానికి.
మూడో రోజు గురించి
గోడ మీది మరకనడగండి.

నిన్న సాయంత్రం, వాన వెలిసినాక,
గీతకి రెండు వేళ్లు కిందుగా
టీ మిషను దాకా వచ్చింది.
రింగులు లాగినాను. కూర్చున్నాను.
గ్లాసులోది తాగినాను.
ప్లేటులో ఒలికింది కూడా ఎత్తి తాగినాను.
అప్పటికి వనజాక్షి బట్టలు తీసేసి
లోపలికెళ్లిపోయింది.

రేపు ఎలాస్టిక్కు
అర అంగుళం తగ్గించాల.