నాలుగు బై పద్నాలుగు

బ్రాడీపేటలో మా కొట్టు అడ్రసు నాలుగు బై పద్నాలుగు.
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
తెరమీద కర్సరుకీ అలాంటి అడ్రసే,
ఎన్నో లైను, ఎన్నో గడి
కింద మూలన చూపిస్తుంటుంది.

పానకాలు గారు మిర్చియార్డులో ముప్పయ్యేళ్లు కాటా గుమస్తా.
తన కథ తనే ఒంటివేలితో కొట్టుకుని
పెన్‌డ్రైవ్ జేబురుమాల్లో చుట్టి తెచ్చారు.
"అచ్చేసెయ్యమ్మా, నూటపాతిక కాపీలు."

ఖాళీలు కనపడే మీట నొక్కాను.
తెల్లటి చోటంతా చుక్కలు లేచాయి,
టిక్కీ చిరిగి రాలిన మిరపగింజల్లా.
మాటకీ మాటకీ మధ్య ఒక్కటే ఉండాలి చుక్క.
కొన్నిచోట్ల రెండు.

రెంటిని ఒకటి చెయ్యడం చిటికెలో పని.
వెతికితే అరవై ఒకటి అంది.
సరే అనబోతూ చదివాను:
"నేనూ  కలిసి కొట్టు పెట్టాం."
"ఆ రాత్రి  మా ఇంటికి రాలేదు."

మాటని చెరిపేవాడికి
దాని అటుపక్క ఖాళీ, ఇటుపక్క ఖాళీ
గుర్తుండవు.

"ఇక్కడ ఎవరిదో పేరుండాలి కదండీ?"

కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.
తెరకి దగ్గరగా వంగారు.
మిర్చిఘాటేం లేదిక్కడ, అయినా రెండుసార్లు దగ్గారు.
"ఆ చుక్కలు ఆర్పెయ్యమ్మా."

ఆర్పాను.
"మరి ఖాళీలు కలిపెయ్యనా?"

వీధిలో ఆటో ఒకటి స్టార్టవక స్టార్టవక స్టార్టయింది.

"వద్దులే. అట్టా ఉండనీ."

బిల్లులో పేజీల లెక్కే రాశాను.
ఖాళీలకి మేం డబ్బులు తీసుకోం.