బేస్తవారం నుంచి

"ఎన్ని దినాలైందమ్మా?" అంటే
ఉరుకుందత్త లెక్కేసుకునింది:
"పత్తి లారీలొచ్చిన బేస్తవారం నుంచి."
ఆదోని జిన్నింగు మిల్లులో
ముక్కులో చెవుల్లో దూదే;
కట్టుకునేదానికి మాత్రం పాత లుంగీ పేలిక.

సంచిలోంచి అశోకారిష్టం సీసా తీసి
తప్పు ఒప్పుకున్నట్టు బల్ల మీద పెట్టింది.
"ఆచారి ఇచ్చినాడు. నొప్పి తగ్గింది, ఇది తగ్గలే."

డాక్టరమ్మ నవ్వలేదు. సీసా తిప్పి చదివింది.
రెప్ప కిందికి లాగి చూసింది:
లోపల కూడా దూదే.

"రక్తం ఆరే ఉంది. ఎట్ల నడిచినావు?"
"నడిస్తేనే కదా కూలి."

స్కానింగులో నిమ్మకాయంత గడ్డ.
అత్త అడిగిందొకటే:
"నువ్వులు వేడంటారే, తినొచ్చునా?"
"తిను. ఈ మాత్రలూ తిను."

బస్టాండులో
నా జడలో చిక్కిన దూదిపోగు తీస్తా
"నీకెన్ని దినాలుంటాదే?" అనింది,
మిల్లు మోత లేని చోట, మెల్లగా.