గేటు బయట మూడు రాత్రులు

గుడిపాల దాటినాక గుజ్జు ఫ్యాక్టరీ గేటు.
గేటు నుంచి హైవే దాకా ట్రాక్టర్లు.
మాది నూట పద్నాలుగోది.
లోడు మీద గోనెపట్టా పరుచుకుని
నేను కూర్చున్నా, ఒళ్ళో నాటకం.
ఐదంకాలు. చివరికి ఒక్కరూ మిగలరని
జయశీలన్ సారు మొదటి క్లాసులోనే చెప్పేసినాడు,
"కథ కోసం చదవొద్దు మే, మాటల కోసం చదువు" అని.

సోమవారం సప్లి.
పోయినసారి పన్నెండు మార్కుల దగ్గర ఆగిపోయినా.
నోటుబుక్కు ఇంట్లో మరిచిపోయినా,
నీలం స్కెచ్ పెన్ను మాత్రం సంచిలో ఉండాది.
అందుకని తోతాపురి కాయల మీద రాస్తా వచ్చినా,
కాయకొక మాట,
ముక్కు వైపు ఇంగ్లీషు, తొడిమ వైపు తెలుగు.

మొదటి కాయ: వో.
"దుఃఖం నాయనా."
"అది ఎద్దును నిలిపే మాట గదా," అన్నాడు కింద నుంచి,
టైరుకు వీపు ఆనించి.
కాసేపాగి తనే అన్నాడు,
"రెండూ ఒకటేలే. కాళ్ళు ఆడవు."

పర్చెన్స్.
"ఒకవేళ, అయినా అవుతుందేమో, అట్లాంటిది."
ముందు ట్రాక్టరు దొరసామి తల ఎత్తినాడు:
"రేటు పెరిగేదా పాపా? దానికి ఇంగ్లీషు ఎందుకు,
మా ఆడోళ్ళు పొద్దస్తమానం అదే అంటా ఉండారు."
మొన్న ఎనిమిది. నిన్న ఆరు.
ఈ పొద్దు చీటీ అంటించేవాడే రాలేదు.

రెండో రాత్రి కాయలు వేడెక్కినాయి.
కూర్చున్న చోట కింద నుంచి ఆవిరి,
పులుపు తిరిగే వాసన,
ఫోను వెలుతురుకు ఈగలు కూడా నిద్ర లేచినాయి.
పుస్తకంలో రాజు ఎవరినీ నమ్మడం లేదు.
పేజీ తిప్పి, నాట్ దగ్గర ఆగినా.
"సున్న. ఏమీ లేకపోవడం."
"నాటు?"
"నాటు కాదు నాయనా, నాట్."
"నేనూ అదే అంటా ఉండా.
నువ్వు పుట్టిన ఏడు నాటినా, రెండెకరాలు,
బోరు ఎండితే బిందెలతో పోసినా.
అర్థం ఇప్పుడు గదా చెప్తా ఉండావు."
నవ్వినాడు. నేను నవ్వలేక
ఆ కాయను లోడు అడుక్కి తోసేసినా.

రిమోర్స్‌కు తెలుగు కుదరలేదు.
పశ్చాత్తాపం అని రాయబోతే కాయ చాలలేదు.
సారు ఒకసారి చెప్పినాడు, పాత లాటిన్లో దానికి
మళ్ళీ కొరకడం అని అర్థమంట.
అదే రాసినా.
మూడోనాడు పొద్దున నాయన
సరిగ్గా ఆ కాయనే తీసి, కడక్కుండానే కొరికినాడు.
పెదవికి నీలం సిరా.
"తోట అమ్మమని మీ మేనమామ అడిగినప్పుడే..." అని
మాట మింగి
ఇంకో కొరుకు కొరికినాడు.

పదకొండుకు గేటు తెరిచినారు. నాలుగు.
కాటా గుమాస్తా ఒక కాయ ఎత్తి చూసి
"ఏందిది, మంత్రాలా? చేతబడి కాయలు తెచ్చినారా?" అని
టన్నుకు యాభై కిలోలు తరుగు రాసినాడు.
నీళ్ళతొట్టిలో నా మాటలన్నీ తేలినాయి,
బోర్లా పడి, వెల్లకిలా పడి,
ఆఖరి అంకంలో లాగా.
బెల్టు ఎక్కేటప్పటికి కొన్ని చెరిగినాయి.
అసండర్ చెరగలేదు.
కత్తులు తిరిగే చోటు దాకా కనపడింది.

సోమవారం పరీక్షలో అడిగింది ఆరు మాటలు.
నాలుగు నేను లోడు మీద రాసినవే.
మొదట అర్థాలు గుర్తు రాలేదు, వాసన వచ్చింది,
వాసన వెంబడి ఒక్కొక్కటే వచ్చినాయి.
నాట్ మాత్రం వదిలేసినా. తెలిసే.

పాసైనా.
దసరా సెలవుల్లో, వేలూరు బస్సులో,
పక్కసీటు పిల్లోడు మామిడి జ్యూసు తాగుతా ఉంటే
ఖాళీ సీసా అడిగి తీసుకుని
వెనకాల అంటించిన చీటీ చదివినా.
చీమతలకాయంత అక్షరాలు, అన్నీ ఇంగ్లీషే:
నీళ్ళు, చక్కెర, గుజ్జు ఇంత శాతం, రంగు.
అన్నీ తేలిక మాటలే.