ముప్పై ఒకటో నంబరు

ఒంగోలు కర్నూలు రోడ్డులో
మందుల షాపు పక్క మెట్లెక్కితే నా కొట్టు.
జిరాక్సు, స్పైరలు, గట్టి అట్ట బైండింగు.
థీసిస్సులకి రిఫరెన్సులు సర్దిపెట్టడం,
ఒక్కోదానికి మూడు రూపాయలు.

నేను చదివింది ఇంటరు, అదీ తప్పా.
కానీ నా కంప్యూటర్లో ఉన్నంతమంది పండితులు
ఏ సభలోనూ ఒకచోట కూర్చోని ఉండరు.
కామా ఎక్కడ, చుక్క ఎక్కడ,
ఏ పేరు నిటారుగా నిలబడాలి, ఏది పక్కకి వాలాలి,
అన్నీ సాఫ్ట్‌వేరే చూసుకుంటది.
దానికి అంతుబట్టంది మన ఇంటిపేరు.
పోలుకొండ వీరరాఘవయ్య అని కొడితే
వీరరాఘవయ్య వంశంలో
పోలుకొండ అనే కుర్రాడు పుడతాడు.
ఒకే మనిషి మూడు స్పెల్లింగుల్లో మూడుసార్లొస్తే
రేషను కార్డు సర్వేకొచ్చినోడిలా
"వీళ్లంతా ఒకరేనా?" అని అడుగుద్ది.
అవునంటే కలిపేసిద్ది.
ముగ్గురు దాటితే మొదటాయన్ని నిలబెట్టి
మిగతావాళ్లని "తదితరులు" అనే గోతాంలో కుక్కుద్ది.

పాలపర్తి సలోమి కొండపి నుంచొచ్చింది.
పొగాకు గ్రేడింగు ఆడవాళ్ల మీద ఆరేళ్ల పని.
పెన్‌డ్రైవులో రెండొందల పద్నాలుగు:
బోర్డు నివేదికలు, గెజిట్లు, దొరల లెక్కలు,
లండన్లో అచ్చయినవి,
గుంటూరులో అచ్చయి చెదలు తిన్నవి.
వాటి మధ్యన, ముప్పై ఒకటి,
బూసి మరియమ్మ.

పుస్తకం పేరు? ఖాళీ.
ప్రచురణకర్త? పేజీలు?
ఒక్కో గడి నోరు తెరుచుకొని చూస్తంది.
సలోమి నవ్వింది.
"ఆమె చెయ్యి చూడాలన్నా.
ఆకు ముట్టుకోంగానే చెప్పిద్ది,
ఎన్నాళ్లకి కొట్టారో, ఏ బ్యారన్లో మంట ఎక్కువైందో.
నా రెండో అధ్యాయమంతా ఆమె నోటి మాటే."
వెతికి వెతికి "ఇంటర్వ్యూ" అనే రకం కింద పెట్టాం.
ఊరు టంగుటూరు.
తేదీ గడిలో ఒక ఆదివారం పడింది,
ఆ రోజు వేలం లేదంట.

రాత్రి పదకొండుకి ఫోను.
"గైడు గారు తీసెయ్యమన్నారన్నా.
అచ్చులో లేంది ఆధారం కాదంట."
ఇంకేదన్నా అంటదేమోనని కాసేపు ఫోను పట్టుకునే ఉన్నా.
కుక్క అరుపు వినపడింది, అంతే.

డిలీట్ నొక్కా.
ముప్పై రెండు ముప్పై ఒకటయ్యింది.
ముప్పై మూడు ముప్పై రెండు.
నూట ఎనభై ముగ్గురు, చప్పుడు లేకుండా,
తలా ఒక అడుగు ముందుకి జరిగారు.
లోపల అధ్యాయాల్లో నంబర్లు కూడా
వాటంతటవే సర్దుకున్నాయి.
పొగాకు కర్ర మీంచి ఒక్క ఆకు జారితే
కనీసం దారం వదులవుద్ది.
ఇక్కడ అదీ లేదు.

చేసింది చెరిపే మీట నొక్కా.
అందరూ మళ్లీ వెనక్కి జరిగారు,
ఒక్కరూ విసుక్కోలా.
మళ్లీ తీశా. మళ్లీ పెట్టా.
కింద మందుల షాపు షట్టరు దించిన చప్పుడు.
అప్పటికి ఎన్నిసార్లయిందో లెక్క లేదు.

పొద్దున ఎనిమిదిన్నరకి వచ్చింది,
తల కూడా సరిగ్గా దువ్వుకోలా.
ప్రింటు తీసుకోని
పేరు పేరు మీద వేలు ఆనిస్తా కిందికి దిగి
ముప్పై ఒకటి దగ్గర ఆగింది.
నన్నేం అడగలా.
పర్సు తీసి,
"రెండొందల పద్నాలుగు కదన్నా,
ఆరొందల నలభై రెండు" అంది.

"ఆరొందల ముప్పై తొమ్మిది" అన్నా.
అట్ట ఏ రంగెయ్యమంటావని అడిగా.