మారవ్వ కాయిదాలు

కోరుట్ల జిరాక్సు దుకాణంల
మా మరదలి మొఖం పదకొండు సార్లు అచ్చయింది.
పదకొండిట్ల ఒక్కదాంట్ల గూడ నవ్వలే,
నవ్వితె ఫోటో చెల్లదన్నరట.

దాని పేరు మారివిక్.
వాడకట్టోళ్లకు నోరు తిరగక మారవ్వ అయింది.
నడిమి పేరు వాళ్లమ్మ పుట్టింటిది,
కడపటిది నాయనది.
"ఇంటిపేరు ఏది రాయాలె అక్కా?"
కంప్యూటర్ పిల్లగాడు అడుగుతడు.
ఏ ఇల్లు అడుగుతున్నడో దానికి తెల్వది,
నాకు అంతకన్న తెల్వది.
నాకు సుత పెండ్లితోనే ఇంటిపేరు మారె,
ఎవ్వలూ ఫీజు గట్టుమనలే.

మా లింబాద్రి దోహల ఇస్త్రీ పనికి ఉంటె
పక్క మిషను కాడ దుప్పట్లు మడతవెట్టేదట ఇది.
గంతే కథ.
దుప్పటికి రెండు దిక్కుల కొసలుంటయి,
ఒకలు పట్టుకుంటె ఇంకొకలు పట్టుకోవాలె.
దరఖాస్తుల గిది రాసే గడి లేదు.

ఒకనాడు స్పెషల్ బ్రాంచి ఆయన బండి మీద వచ్చిండు.
నేను చాట ఒళ్లె వెట్టుకొని బీడీలు చుడుతున్న.
"ఆలుమగలు కలిసే ఉంటున్నరా అమ్మా?"
"రాత్రి ఎండుచేపల కాడ కొట్లాడిన్రు సారూ.
వాడు కంపంటడు, ఇది మా ఇల్లంటది.
పొద్దుగాల ఒక్క గిన్నెలనే తిన్నరు."
కొట్లాట రాసుకోలే.
"విచారించగా నిజమే" అని రాసుకొని,
చాయ తాగి పోయిండు.

ఏడేండ్లు ఈడ్నే ఉన్నట్టు లెక్క జూపాలె.
నాయన సచ్చిపోయిన యేడు
ముప్పై ఎనిమిది దినాలు పోయొచ్చింది,
అవి తీసెయ్యిమన్నరు.
నాకు లెక్కలు రావు, కట్టలొస్తయి.
కట్టకు ఇరవై అయిదు.
దినానికొక బీడీ అనుకొని
ఇద్దరం పొద్దుమీకెదాక పేర్చినం.
నాయన సావు ఒకటిన్నర కట్ట,
మీద ఇంకింత.

పన్ను రాసే సత్యం సారు కాడ ఇంకో ముచ్చట.
ఈడ ఉంటున్నోళ్లు
బయటి దేశంల ఆస్తులున్నా చెప్పాలెనట.
దీనికి ఆస్తా, అని నేను నవ్విన.
ఇది నవ్వలే. వేళ్లు మడిచింది.
బ్యాంకుల పన్నెండు వందల పెసోలు.
సముద్రం ఒడ్డున ఒక పడవ,
నలుగురు అక్కచెల్లెండ్లది,
ఒక దిక్కు వెదురు రెక్క ఇరిగింది.
సారు కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు.
"పడవల నాలుగో వంతుకు ఎంత విలువ కడుదాం తల్లీ?"
"చేపలు పడ్డనాడా సారూ, పడనినాడా?"
అన్నది,
మన తెలుగులనే.

ప్రమాణానికి వారం ముందునించి
నా పక్కన కూసోని, తునికాకు కత్తిరించుకుంట నేర్చుకున్నది.
"విధేయత" కాడ నాలిక ఆగుతది.
"ఇధేత" అంటది.
దిద్దబోతి. నాకూ తిరుగుతలేదు.
ఎన్నడన్నా అన్ననా ఆ మాట?
నాకు పుట్టుడే సరిపోయింది.

నిన్న జగిత్యాల కలెక్టరాఫీసుల
పచ్చచీర కట్టుకొని నిలబడి
ఒక్క తప్పు లేకుంట చదివింది.
లింబాద్రి చప్పట్లు కొట్టబోయి, ఎవ్వలూ కొడుతలేరని
చేతులు జేబుల వెట్టుకున్నడు.

పాత పాసుపోర్టు మూల కత్తిరించి ఇచ్చిన్రట.
కత్తిరించిన ముక్క ఎటుపోయిందని
వారం దినాలు అడిగింది అందర్ని.
గోరంత ముక్క.

రాత్రి అన్నం తిన్నంక మెల్లగ అన్నది:
"వదినే, ఇగ అమ్మను చూడపోతె
మా ఊరోళ్లు నన్ను ఏమడుగుతరు?"
ఈడ ఏమడిగిన్రో గదే అడుగుతరు, అన్న.
ఎందుకొచ్చినవ్. ఎక్కడ ఉంటవ్.
ఎన్ని దినాలు.

చాటలకెల్లి ఒక కట్ట తీసి దాని ముందల వెట్టిన.
సాలయా, అన్న.
ఏం మాట్లాడలే.
ఇంకొకటి తీసి
దాని మీద వెట్టుకున్నది.