ఆవిరికి విప్పిన కవర్లు

బిట్రగుంటలో అర్ధరాత్రి
డ్రైవర్లను లేపడం నా ఉద్యోగం.
చంకలో రిజిస్టరు, చేతిలో లాంతరు.
"రెండుంబావుకు గూడ్సయ్యా" అని
తలుపు తలుపుకీ సంతకం పెట్టించుకునేవాణ్ణి.

ఒక్క క్వార్టరు మాత్రం కొట్టే పని లేదు.
ఫైర్‌మన్ మస్తానయ్య గుర్రు పెడుతుంటే
ఆయన భార్య శేషారత్నం
ఒళ్లో పీట పెట్టుకుని
రైల్వే పాత ఫారాల వెనకవైపు రాస్తా ఉండేది.
"వచ్చావా అబ్బయా" అని ఆయన్ని తట్టి,
నా చేతిలో కవరు పెట్టేది.
మంగళవారం మద్రాసు మెయిల్లో పడకపోతే
ఆ పైవారం రాష్ట్రమంతా అలుగుతుంది.

పత్రికలో ఆమె పేరు హేమంతి.
కావలి అద్దె పుస్తకాల కొట్లో
హేమంతి నవల రోజుకు పదిహేను పైసలు,
మిగతావాళ్లవి పది.
పొదిలి నుంచి ఒక టీచరమ్మ వెతుక్కుంటా వచ్చి
రొయ్యపొట్టు చెరుగుతున్న మనిషినే
"హేమంతి గారున్నారా" అని అడిగింది.
"స్నానానికి పోయింది, కూర్చో" అనింది శేషారత్నం.
పోయి, చీర మార్చుకుని వచ్చింది.

నెల్లూరు సభలో ఒక పెద్దాయన
అదంతా కాలక్షేపం అన్నాడంట.
"నైట్ డ్యూటీకి పోయిన మనిషి కోసం
ఒక్క రాత్రి కూర్చుని చూడమనురా ఆయన్ని,
కాలం దానంతటది ఎట్టా క్షేపమవుతాదో."

నా నేరం ఇప్పుడు చెబుతున్నా.
ఆ కవర్లు నేను విప్పేవాణ్ణి.
షెడ్డులో ఇంజను వదిలే ఆవిరికి పట్టుకుంటే
మైదా జిగురు మెత్తగా ఊడొచ్చేది.
బొగ్గుకుప్ప మీద కూర్చుని
రాష్ట్రం కంటే పదిరోజులు ముందే ఏడ్చేవాణ్ణి.

ఒకసారి ప్రమీల చచ్చిపోయింది.
కవరు మెయిలుకు వేయలేదు నేను.
పత్రికలో, అనివార్య కారణాల వల్ల
ఈ వారం సీరియల్ లేదన్నారు.
ఆ అనివార్య కారణం వయసు పందొమ్మిది.

మరుసటి మంగళవారం ఆమె ఏమీ అడగలేదు.
కొత్త కవర్లో ప్రమీల కళ్లు తెరిచి
మంచినీళ్లు అడిగింది.
అడుగున పెన్సిలు రాత:
"చంపన్లే. అంటించేటప్పుడు చేతులు కడుక్కో.
కాగితాల మీద మసి వేలిముద్రలేందని
ఎడిటరు గారు అడగతండాడు."
ఆ ముక్క చించి జేబులో పెట్టుకున్నా.

తర్వాత డీజిలొచ్చింది.
షెడ్డులో పిచ్చిచెట్లు మొలిచాయి.
నన్ను ఒంగోలు పార్సెల్ ఆఫీసుకు వేశారు.
టీవీ వచ్చింది, పత్రిక మూతపడింది.
కావలి కొట్టాయన నలభయ్యొక్క నవలలూ
తూకానికేశాడు.
కొన్నింటికి చివరి పేజీలు లేవు.
ఎవురో ఎప్పుడో చించి దాచుకున్నారు.

పోయినేడు చూడబోతే
వంకర్లు పోయిన వేళ్లతో
దిండు కింద నుంచి కవరు తీసిచ్చింది.
అంటించి ఉంది. అడ్రసు లేదు.
"ఎవురికి వేయాలమ్మా?"
"మెయిలుకేలేరా" అని అటు తిరిగి పడుకునింది.

ఇప్పుడు గ్యాసు పొయ్యి మీద
నీళ్లు మసులుతున్నాయి.
చేతులు కడుక్కున్నా.
రెండుసార్లు.